పై మెట్టు మీద మనిషి

రూతమ్మ టీచరుకు ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, ఎక్కడికో ఒకచోటికి పంపుతుంది. ఒకసారి ఒకామె వచ్చి, "కోపమొస్తే మా ఆయనకు ఒళ్ళు తెల్వది టీచరమ్మా, చెయ్యి దానంతటదే లేస్తది. ఏం చెయ్యాలె?" అని అడిగింది. రూతమ్మ ఆమెను బీడీ కార్ఖానా గుమ్మం పక్కన ఒక పూట కూర్చుని రమ్మంది. ఆ పూట సేటు ఆమె మొగుణ్ణి పదిమంది ముందు తల్లి పేరెత్తి తిట్టాడు. మొగుడి చెయ్యి లేవలేదు. తల మాత్రం వంగింది. సాయంత్రం తిరిగొచ్చిన ఆ మనిషి టీచరు ఇంట్లో మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

కాబట్టి గంగామణి తన ప్రశ్నను మూడేళ్ళు కడుపులోనే దాచుకుంది. ఎక్కడికి పంపుతుందోనని భయం.

ఎర్రకుంటలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా పనిచేసిన రూతమ్మ, బీడీలు చుట్టే ఆడవాళ్ళకు మధ్యాహ్నాలు తన వసారాలో చదువు చెప్పేది. గంగామణి ముప్పై రెండో ఏట అక్కడే అక్షరాలు దిద్దింది. ఊళ్ళో ఆడపిల్లల చేత సాఫ్ట్‌బాల్ ఆడించడం మొదలుపెట్టిందీ రూతమ్మే. అది బేస్‌బాల్‌కు చెల్లెలి లాంటి ఆట. బంతి కాస్త పెద్దది, చేతిని కిందినుంచి ఊపి విసరాలి. బంతిని కొట్టిన పిల్ల పరుగెత్తి మూడు మూలలూ తాకి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. అక్కడ నేలమీద ఒక పలక పరిచి ఉంటుంది, ఆ చోటును ఇల్లు అంటారు. ఇల్లు చేరితే ఒక పరుగు. "ఆడది ఇల్లు దాటి, ఊరంతా తిరిగి, ఎగిరి దుమ్ములో దూకి మళ్ళీ ఇల్లు చేరితే చప్పట్లు కొట్టేది ఈ ఒక్క ఆటలోనే" అని రూతమ్మ నవ్వేది.

ఆ ఆట అంటే గంగామణికి పిచ్చి. మొగుడు బావి మోటారు దగ్గర కరెంటు తగిలి పోయినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. ఆ తర్వాత ఏడేళ్ళకు జట్టు పుట్టింది. జట్టు పుట్టిన ఏడాది నుంచి తొమ్మిదేళ్ళ పాటు ఒక్క ఆట తప్పలేదు. గ్రౌండులో అన్నిటికంటే కింది మెట్టు ఆమెది. మెట్టు ఆమెదే గానీ దానిమీద కూర్చున్నది తక్కువ. గీత వెంట అటూ ఇటూ ఉరుకుతూ, గొంతు పోయేదాకా అరుస్తూ ఉండేది. ఏ ఏడు ఎవరి మీద ఎంతకు ఓడామో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఓడిన లెక్కలే ఎక్కువ, అయినా పసుపు ఉడకబెట్టే వాసన ఊరిమీదికి వచ్చేసరికి, అంటే కొత్త పోటీలు దగ్గర పడేసరికి, "ఈసారి మన పిల్లలు కప్పు తెస్తరు సూడు" అనేది. చినిగిన బంతులకు మైనపు దారంతో కుట్లు వేసేదీ ఆమే. ఇప్పటికీ వేస్తోంది. ఆ చేతి అశుభం బంతికి మాత్రం అంటదట.

అశుభం సంగతి నాలుగేళ్ళ కిందట మొదలైంది. పోటీల మొదటి ఆటనాడు ఇంటి పలకకు పసుపు రాసి, బాటుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టడం ఎర్రకుంట ఆచారం. ఆ ఏడు అదంతా అయ్యాక కూడా పదకొండు పరుగులకు రెండే చేసి ఓడారు. ఒక పిల్లకు పన్ను విరిగింది. పసుపు తక్కువైందని ఎవరూ అనలేదు. కమిటీ పెద్ద భూమన్న మాత్రం, "పొద్దున్నే గంగామణి ఎదురొచ్చింది" అన్నాడు. మరుసటేడు గుమ్మం బయటే నిలబడి, చాలా మర్యాదగా, "చెల్లె, ఏమనుకోకు. మొదటి ఆట ఒక్కదానికి రాకు. పిల్లల భవిష్యత్తు" అన్నాడు. గంగామణి సరేనంది. పిల్లల కోసం ఏదడిగినా ఆమె సరేనంటుంది, అది భూమన్నకు తెలుసు.

ఆమె ఆ రోజు తలుపు గడియ పెట్టుకుని ఇంట్లో బీడీలు చుట్టింది. జట్టు ఓడింది. సాయంత్రం భూమన్న వచ్చి, "వద్దన్నా అచ్చినవ్ గదా చెల్లె! పై మెట్టు మీద కూసున్నవ్, అందరం సూసినం" అన్నాడు. అబద్ధమనుకుంది. చాటలో ఆరువందల బీడీలు చూపించింది. ఆయన బీడీల వంక చూసి, ఆమె వంక చూసి, ఒకడుగు వెనక్కి వేశాడు. రెండో ఏడు కూడా చూశారు, అడిగితే ముగ్గురు ఒకే చీర చెప్పారు: ఆకుపచ్చది, ఆవపువ్వు రంగు అంచు. అలాంటి చీర తన పెట్టెలో లేదని గంగామణి అంటే ఎవరూ నమ్మలేదు. మూడో ఏడు ఆమే పక్కింటి బాలవ్వకు తాళం చేతికిచ్చి బయటి నుంచి వేసి పొమ్మంది. మధ్యాహ్నం బాలవ్వ తాళం తీసి గుమ్మంలోనే ఆగిపోయింది. "నేను తాళమేసి పోయేసరికే నువ్వు అక్కడ కూసోని ఉన్నవ్ పిల్లా" అంది. ఆ సాయంత్రం గంగామణి కాళ్ళు కడుక్కుంటే నీళ్ళు ఎర్రగా పారాయి. ఆమె వాకిలిది నల్లరేగడి. గ్రౌండుది ఎర్రమట్టి.

ఈ ఏడు బంతి విసిరేది సౌజన్య. గంగామణి అక్క కూతురు. అక్కా బావా భివండిలో మగ్గాల మీద పనిచేస్తారు, పిల్ల నాలుగో తరగతి నుంచి గంగామణి దగ్గరే పెరిగింది. భూమన్న ఈసారి గుమ్మం దాకా కూడా రాలేదు, పిల్లతోనే కబురు పంపాడు: మీ చిన్నమ్మ మళ్ళీ కనపడి ఆట పోయిందంటే నువ్వు ఆ ఇంట్లో ఉండేది లేదు, హాస్టల్లో వేస్తాం, మీ అమ్మతో మాట్లాడినం. పిల్ల ఆ కబురు చెప్పి అన్నం ముందు ఏడుస్తూ కూర్చుంది. అప్పుడు గంగామణి కొంగు నడుముకు చుట్టి టీచరు వసారాకు వెళ్ళింది.

"టీచరమ్మా, నేను ఇంట్ల ఉన్నా గ్రౌండుల కనపడుతున్న. మరి ఆదివారం నాడు నేను ఏడ ఉండాలె?"

రూతమ్మ కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఆ కనపడేటామె ఏం చేస్తదట?"

"ఏం చెయ్యదట. ఊకె కూసుంటదట."

"చప్పట్లు కొట్టదా?"

"లేదట."

"అరవదా?"

గంగామణి ఆలోచించింది. "అరవదట టీచరమ్మా."

"నువ్వు ఆట జరుగుతుంటే ఎన్నడన్నా నోరు మూసుకున్నవా, గంగామణీ?"

రూతమ్మ ఒక రాయిని పారేసి, "పో. ఆదివారం పోయి, ఆమె ఎవరో చూసి రా" అంది.

"ఓడితే? పిల్లను గుంజుకపోతరు."

"పోయి రా. అప్పుడు అడుగు."

ఆదివారం పొద్దున సౌజన్య ముందు వెళ్ళిపోయింది. గంగామణి తలుపు గడియ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి తాళం వేసి బయటపడింది. బూడిద రంగు నేత చీర కట్టుకుంది. అది తప్ప ఇంకోటి కట్టుకోలేదని తనకు తాను గట్టిగా గుర్తు చేసుకుంది. ఊరివాళ్ళు ముందు గేటు నుంచి వస్తారు కాబట్టి ఆమె వెనక దారిన, చెరుకు తోట గట్టు మీదుగా వెళ్ళింది. ఆ దారి ఎడమ పక్క మెట్ల దగ్గరికి తేలుతుంది. అక్కడ కూర్చునేది ఎదుటి ఊరివాళ్ళు. ఆ రోజు చింతలూరు ఆడవాళ్ళు కొంగులు తలమీద కప్పుకుని వరసగా కూర్చున్నారు. గంగామణి కూడా కొంగు కప్పుకుంది. వాళ్ళు ఆమె నుదురు చూడలేదు, చేతులు చూడలేదు. "జరా జరుగుండ్రే, అక్క కూసుంటది" అని చోటు చేశారు. ఒకామె చేతిలో ఇన్ని బఠానీలు పోసింది. తన ఊరి జట్టును చూడడానికి, తనను ఎరగని ఊరి మధ్య కూర్చోవలసి వచ్చింది. బఠానీలు మాత్రం బాగున్నాయి.

ఆట మొదలైంది. మొదటి బంతికే గంగామణి గొంతులోంచి కేక దూసుకొచ్చింది, చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి.

బఠానీలిచ్చినామె తిరిగి చూసింది. "ఏందక్కా, మా పక్కన కూసోని, మా బఠానీలు తిని, మీవోళ్ళకా చప్పట్లు?"

"ఏం జేయమంటవ్ చెల్లె, చెయ్యి ఆగదు."

"ఆగకుంటే కొట్టు. ఎట్లయినా ఓడుడే గదా మీరు" అని ఆమె నవ్వింది. ఆ వరసంతా నవ్వింది. ఓడే ఊరిదానివని వెక్కిరించారు గానీ, ఓడించే మనిషివని ఎవరూ అనలేదు. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో గంగామణి ఒంటికి తెలిసింది. నాలుగేళ్ళుగా బిగిసి ఉన్న భుజాలు కాస్త కిందికి దిగాయి.

సౌజన్యవి మాత్రం దిగలేదు. పిల్ల ప్రతి బంతికీ ముందు కళ్ళు పైకెత్తి, కుడి వైపు పై మెట్టు వంక చూస్తోంది. చూసినప్పుడల్లా భుజం బిగుసుకుని చెవి దాకా లేస్తోంది, బంతి అడ్డంగా పోతోంది. ఏడు ఇన్నింగ్సుల ఆట. నాలుగోది వచ్చేసరికి చింతలూరు నాలుగు, ఎర్రకుంట ఒకటి. ఎండ నడినెత్తికి వచ్చింది. మనుషుల నీడలు కాళ్ళ కిందికి దూరాయి. చెరుకు తోటలోంచి వచ్చే గాలి కూడా ఆగింది.

అప్పుడు కుడి పక్క జనంలోంచి ఒక గొంతు లేచింది. "అచ్చింది! గదిగో, పై మెట్టు మీద!"

తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. గంగామణి తల కూడా.

ముందు ఆమెకు వట్టి బండే కనపడింది. బండ మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. ఆ కదలికలోంచి మెల్లగా ఆకుపచ్చ తేలింది, తర్వాత ఆవపువ్వు రంగు అంచు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని ఒక మనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో రెండు చేతులు, మణికట్లు బోసి. గ్రౌండులో అందరూ ఎండకు కళ్ళు చిట్లిస్తున్నారు, ఆమె చిట్లించడం లేదు. బాటూ బంతీ ఏమిటో ఎరగని దానిలా, ఆటకు పక్కగా ఎక్కడో చూస్తోంది. చిన్న వయసు. గంగామణికి ఆ మొహం తెలుసు. ఎక్కడ చూసిందో వెంటనే గుర్తు రాలేదు. వచ్చాక నోట్లో బఠానీ గింజ నమలడం మరిచిపోయింది.

భూమన్న మెట్లెక్కి పోయాడు. నాలుగు మెట్ల దూరంలోనే ఆగి, "లే! పో ఇక్కణ్ణుంచి! సిగ్గులేదా?" అని అరుస్తున్నాడు. ఆమె కదలలేదు. కింద ఎవడో ఎర్రమట్టి గడ్డ తీసి విసిరాడు. గడ్డ పై మెట్టు మీద పడి పిండయింది. ఇక్కడ, చింతలూరు ఆడవాళ్ళ మధ్య, గంగామణి ఎడమ భుజం చురుక్కుమంది. చెయ్యి పెట్టి చూసుకుంది. వేళ్ళకు ఎర్రమట్టి అంటింది.

ఇంకెవడో ఇంకో గడ్డకు వంగుతున్నాడు. మధ్యలో సౌజన్య బంతి పట్టుకుని పై మెట్టు వంకే చూస్తూ నిలబడిపోయింది. పిల్ల మొహం పాలిపోయింది. గంగామణికి ఆ క్షణంలో తోచిందొకటే. కనపడితే పిల్లను తీసుకుపోతారు. కనపడకపోతే పిల్ల జీవితమంతా ఆ పై మెట్టు వంకే చూస్తూ బంతులు విసురుతుంది. కొంగు తలమీంచి లాగేసి, మెట్టు మీదికెక్కి నిలబడి, తొమ్మిదేళ్ళు అరిచిన గొంతుతో అరిచింది.

"సౌజన్యా! భుజం దించవే! అటేం సూస్తున్నవ్, ఇటు సూడు, ఈడున్న!"

సౌజన్య ఇటు తిరిగింది. ఎదుటి ఊరి మెట్ల మీద బూడిద రంగు చీరలో చేతులు ఊపుతున్న చిన్నమ్మను చూసింది. మళ్ళీ పైకి చూసింది. మళ్ళీ ఇటు చూసింది. ఊపిరి తీసుకుంది, భుజం దిగింది.

విచిత్రమేమిటంటే, ఆ అరుపు ఊరంతటికీ వినిపించి ఉండాలి. ఎర్రకుంట జనంలో ఒక్కరూ ఇటు తిరగలేదు. వాళ్ళకు కావలసిన గంగామణి వాళ్ళకు పై మెట్టు మీద దొరికింది. దొరికాక ఇంకో దాన్ని ఎవరు వెతుకుతారు?

మిగిలిన మూడు ఇన్నింగ్సుల్లో చింతలూరుకు ఒక్క పరుగు రాలేదు. ఎర్రకుంట పిల్లలు ఒకటి, మరొకటి తెచ్చారు. ఆఖరి ఇన్నింగ్సులో సౌజన్యే మూడో మూల నుంచి ఉరికి, పసుపు రాసిన పలక మీదికి జారి ఇల్లు చేరింది. అప్పటికే ముందొకటి వచ్చి ఉంది. అయిదు, నాలుగు. బఠానీలిచ్చినామె గంగామణి వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ నోరు పాడుగాను అక్కా, అరిచి అరిచి గెలిపించుకున్నవ్ గదా! రేపు మా ఊరికి రా, మా పిల్లల దిక్కు కూడా అరుద్దువు."

ఎర్రకుంట వాళ్ళు డప్పు తెప్పించారు. భూమన్న అందరి మధ్యా నిలబడి చెబుతున్నాడు. "నేనే లేపి పంపిన. అయిదో ఇన్నింగ్సుల లేచి పోయింది సూడుండ్రి, అప్పటి సంది ఆట తిరిగింది." అవునవునన్నారు అందరూ. ఆమె మెట్లు దిగి పోవడం చూశామని ఇద్దరు సాక్ష్యం కూడా చెప్పారు. గంగామణి వాళ్ళకు పది అడుగుల దూరంలోంచే నడుచుకుంటూ పోయింది. ఒకడు పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు.

జనం పోయాక ఆమె పై మెట్టు ఎక్కింది. ఇన్నేళ్ళలో ఎక్కడం అదే మొదటిసారి. కింది బండలు అరికాళ్ళు కాలుస్తున్నాయి. పైన ఒకచోట బండ చల్లగా ఉంది. తడిగా ఉంది. తడి బట్టలతో ఎవరో చాలాసేపు కూర్చుని లేచినట్టు ఒక మనిషి గుర్తు. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆమె చూస్తూ నిలబడినంతసేపూ, ఆ తడి ఆరలేదు.

సౌజన్య చేతిలో గ్లవ్వుతో మెట్లెక్కి వచ్చింది. మోకాలు చెక్కుకుపోయింది, మొహం వెలిగిపోతోంది. తడిని చూసి వెలుగు కాస్త తగ్గింది.

"చిన్నమ్మా, ఆమె అచ్చం నీలెక్కనే ఉంటది."

"సూసినవా?"

"ఊఁ. పోయినేడు గూడ సూసిన. కానీ నువ్వు గాదు. నేను అంత మంచిగ బంతి యేసిన గదా, ఆమె సప్పుడు జేస్తలేదు. ఆమెకు ఆట తెల్వదు చిన్నమ్మా."

సాయంత్రం గంగామణి వసారాలో కూర్చుని అంతా చెప్పింది. బఠానీల సంగతీ, మట్టిగడ్డ సంగతీ, తడి సంగతీ. డప్పు చప్పుడు ఇంకా దూరంగా వినపడుతోంది. ఈ ఏడు కప్పు వస్తుందా అని అడగాలని గంగామణి నాలుక మీదికి వచ్చింది. ఎప్పుడూ పోటీల మొదట్లో అడిగే మాట అదే. ఈసారి అది కాకుండా వేరేది అడిగింది.

"ఇంగ నన్నేం జేయమంటవ్ టీచరమ్మా? ఆమె వచ్చే ఆదివారం గూడ వస్తది. గెలిచినా ఓడినా వస్తది. వాళ్ళకు ఆమె కావాలె."

"ఆమె కట్టుకున్న చీర నీకు ఎరికేనా?"

గంగామణి కొంగు సర్దుకుంది. భుజం మీద మట్టి మరక అలాగే ఉంది.

"ఎరికే. నా పెట్టెల లేదంటే నిజమే చెప్పిన. మా ఆయన పోయిన పదోనాడు గాజులు పగలగొట్టి, ఆ చీర మీదనే నెత్తిన నీళ్ళు గుమ్మరించి, మూల కూసోబెట్టిన్రు. కూసో అన్నరు, ఇంగ లే అని ఎవ్వరూ అనలేదు. సీకటి పడ్డంక నేనే లేసిన. ఆ చీర తీసి ఎవరికో ఇచ్చేసిన్రు. నాకు ఇరవై ఆరేండ్లు."

రూతమ్మ లేచింది. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచిన చప్పుడైంది. తిరిగొచ్చి, మడత విప్పని నూలు చీర ఒకటి గంగామణి ఒళ్ళో పెట్టింది.

"వచ్చే ఆదివారం పోయేటప్పుడు ఆమెకు ఇది తీసుకపో. పొడిది."